ఒకే ఫైలు, నాలుగు ముఖాలు: మీడియం ఫార్మాట్‌కి రా కన్వర్టర్ వెతుక్కున్న నా అనుభవం

కిటికీ పక్కన కుర్చీలో కూర్చున్న నాన్న ఫోటోతో మొదలైంది ఇదంతా. ఎడమ చెంప మీద మబ్బు పట్టిన రోజు వెలుతురు. ముక్కు దాటగానే ఆ వెలుతురు మెల్లమెల్లగా నీడలోకి జారిపోతోంది. నెరిసిన జుట్టులో ఒక్కో వెంట్రుకా విడివిడిగా తెలుస్తోంది. కెమెరా వెనక తెర మీద చూసుకుని, ఇన్నాళ్లూ దాచుకున్నది దీనికోసమే కదా అనుకున్నాను. ఆ రాత్రి ఫైలు కంప్యూటర్‌లోకి ఎక్కించి తెరిచాను. చెంప మీద ఎరుపు ఎక్కువైంది, నీడలోకి దిగే చోట సన్నగా ఆకుపచ్చ ఛాయ. ఇంకో సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే చర్మం పసుపు తిరిగింది. మూడోదానిలో ముఖమంతా పాలిపోయి, జ్వరం పడి లేచిన మనిషిలా ఉన్నారు. నాలుగోదానిలో ముఖం బాగానే ఉంది కానీ కిటికీ అంచు దగ్గర వెలుతురు ఒక్కసారిగా తెగిపోయి తెల్లటి మచ్చ అయింది. ఫైలు ఒక్కటే. మనిషి ఒక్కరే.

వీటిలో ఏది నిజం అని తేల్చుకోవడానికి నాకు రెండు నెలల పైనే పట్టింది. తేలాక తెలిసింది, ఆ ప్రశ్నే సరిగ్గా అడగలేదని.

అప్పటిదాకా నేను 36×24 మిల్లీమీటర్ల సెన్సర్ ఉన్న కెమెరాలతోనే పనిచేశాను. ఒకరు వాడి అమ్మేసిన ఫ్యూజీఫిల్మ్ జీఎఫ్ఎక్స్ 50ఎస్ కొన్నాను, అంతకన్నా పెద్ద సెన్సర్ ఉండే మీడియం ఫార్మాట్ కెమెరా. 2017లో వచ్చిన కెమెరా అది. 51.4 మెగాపిక్సెల్స్, సెన్సర్ 43.8×32.9 మిల్లీమీటర్లు. వైశాల్యం లెక్క వేస్తే నా పాత సెన్సర్‌కి సుమారు 1.7 రెట్లు. ఫేజ్ వన్ పెద్ద బ్యాకుల్లో (కెమెరా వెనక తగిలించే సెన్సర్ పెట్టెల్లో) ఉండే 53.4×40 సెన్సర్ ముందు ఇది చిన్నదే, 645 ఫిల్ము ముందైతే ఇంకా చిన్నది. అయినా నాకు కావలసింది మెగాపిక్సెల్స్ కావు. వెలుగు నీడలోకి దిగే ఆ మెట్లు, మెట్లలా కనబడకుండా దిగడం. దాని కోసం కెమెరా, లెన్సు గురించి ఏడాది పాటు చదివాను. సాఫ్ట్‌వేర్ గురించి ఒక్క పూట కూడా ఆలోచించలేదు. అంతకుముందు ఏది వాడుతున్నానో అదే వాడతాను, అంతే అనుకున్నాను.

రా ఫైలు అంటే కుదించని ఫోటో అన్నదే నా లెక్క. నిజానికి అందులో ఫోటో లేదు. సెన్సర్ మీద ప్రతి పిక్సెల్‌కీ ఒక రంగు ఫిల్టర్ ఉంటుంది, ఎరుపో, ఆకుపచ్చో, నీలమో, ఏదో ఒకటే. కొడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్ పేరున 1976లో పేటెంట్ వచ్చిన అమరిక ఇది. ప్రతి నాలుగు పిక్సెల్స్‌లో రెండు ఆకుపచ్చ, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. ఒక పిక్సెల్ రంగు చెప్పడానికి మూడు అంకెలు కావాలి, సెన్సర్ కొలిచేది ఒక్కటే. మిగతా రెండూ చుట్టుపక్కల పిక్సెల్స్‌ని చూసి సాఫ్ట్‌వేర్ కట్టే లెక్క. అంటే నేను ఇంత పెట్టి కొన్న 51 మిలియన్ల పిక్సెల్స్‌లో మూడింట రెండు వంతుల రంగు సమాచారం కెమెరా కొలిచింది కాదు. దీన్ని డీమొజాయిక్ అంటారు. ఆ తర్వాత, సెన్సర్ ఎరుపు అన్నది మన కంటికి ఎరుపుగా ఎలా కనబడాలో చెప్పే ప్రొఫైల్ ఒకటి. ఆపైన, సెన్సర్ వెలుతురుని సూటిగా లెక్కపెడుతుంది, మన కన్ను అలా చూడదు కాబట్టి ఆ అంకెల్ని వంచే టోన్ కర్వ్ ఒకటి. ఈ మూడూ ఎవరో ఒకరు తేల్చాలి. జేపెగ్ తీస్తే కెమెరా తేలుస్తుంది. రా తీస్తే సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లు తేలుస్తారు. ఆ సాఫ్ట్‌వేర్‌నే రా కన్వర్టర్ అంటారు. ఆ రాత్రి నేను చూసినవి నాలుగు అభిప్రాయాలు.

ఇక్కడ ఒక మాట. ఫ్యూజీ అనగానే తెలిసినవాళ్లందరూ నాకు ఒకే హెచ్చరిక చేశారు: ఆకుల్లో పురుగులు పాకినట్టు గీతలు వస్తాయి, ఫలానా సాఫ్ట్‌వేర్ వద్దు అని. అది ఫ్యూజీ చిన్న కెమెరాల్లో చాలావాటిలో ఉండే ఎక్స్‌ట్రాన్స్ సెన్సర్ సంగతి. జీఎఫ్ఎక్స్‌లో ఉన్నది మామూలు బేయర్ అమరికే. ఆ సలహా నా కెమెరాకి వర్తించదని తెలుసుకునేసరికి పది రోజులు గడిచిపోయాయి. అందుకే ఇప్పుడు ఎవరైనా అడిగితే ముందు వాళ్ల సెన్సర్ ఏమిటో కనుక్కుంటాను.

మీడియం ఫార్మాట్‌లో మొదటి వడపోత మన చేతిలో ఉండదు. ఫేజ్ వన్ బ్యాకు ఉన్నవాళ్లకి క్యాప్చర్ వన్ పుట్టిల్లు లాంటిది, అది ఆ కంపెనీలోనే పెరిగింది. హాసెల్‌బ్లాడ్ ఉన్నవాళ్లకి ఫోకస్ అనే సాఫ్ట్‌వేర్ ఆ కంపెనీయే ఉచితంగా ఇస్తుంది. హాసెల్‌బ్లాడ్ వాళ్లు నేచురల్ కలర్ సొల్యూషన్ అని పిలుచుకునే రంగుల పద్ధతి మొత్తం దాని లోపలే ఉంది. పెంటాక్స్ 645జెడ్ తన సొంత ఫార్మాట్‌తో పాటు డీఎన్‌జీ (ఏ కంపెనీ అయినా వాడుకోగల రా ఫార్మాట్) కూడా రాస్తుంది, లైకా ఎస్ కూడా డీఎన్‌జీయే. అయితే డీఎన్‌జీ రాసినంత మాత్రాన అన్ని సాఫ్ట్‌వేర్లూ సొంతపిల్లలా చూసుకుంటాయన్న నమ్మకం లేదు. ఫైలు తెరుచుకోవడం వేరు, ఆ సెన్సర్‌కి శ్రద్ధగా చేసిన ప్రొఫైల్ ఉండటం వేరు. క్యాప్చర్ వన్‌కి ఫ్యూజీ మీడియం ఫార్మాట్ మద్దతు వచ్చిందే 2018లో. అంతకుముందు కొని ఉంటే నా జాబితా ఇంకా చిన్నదయ్యేది. నేను చూసేనాటికి నా ఫైళ్లు తెరిచేవి చాలానే ఉన్నాయి. క్యాప్చర్ వన్, లైట్‌రూమ్ క్లాసిక్, రాథెరపీ, డార్క్‌టేబుల్, ఈ నాలుగింటికి కుదించుకున్నాను. వీటి పక్కన కొలబద్దగా ఫ్యూజీ వాళ్ల ఎక్స్ రా స్టూడియో పెట్టుకున్నాను. కెమెరాని యూఎస్‌బీ తీగతో కలిపితే అది కెమెరాలోని ప్రాసెసర్‌తోనే ఫైలుని మారుస్తుంది. కెమెరా అభిప్రాయం ఏమిటో అచ్చంగా తెలుస్తుంది.

మొదటి వారమంతా వృథా. ఒకే ఫైలుని నాలుగింటిలోనూ తెరిచి, ఏమీ కదపకుండా, 200 శాతానికి పెంచి, కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టాను. ఒకదానిలో ఎంత పదును! ఇంకోదానిలో మసక. నోట్‌బుక్‌లో మార్కులు కూడా వేసుకున్నాను. తర్వాత గమనిస్తే లైట్‌రూమ్ తెరిచిన రా ఫైలుకి తనంతట తానే 40 పాళ్ల షార్పెనింగ్ (అంచుల్ని పదునుగా చూపించడం) పెడుతుంది. రాథెరపీలో న్యూట్రల్ ప్రొఫైల్ ఎంచుకుంటే ఏమీ పెట్టదు. ఒకరు ముస్తాబై వచ్చారు, ఇంకొకరు అప్పుడే నిద్ర లేచి వచ్చారు. వాళ్లిద్దరి అందం పోల్చాను నేను. లెన్సు వంపుల్ని సరిచేయడం కూడా అంతే. సరిచేసేటప్పుడు మూలల్ని సాగదీయాలి, సాగదీస్తే కొంత మెత్తబడతాయి. సరిచేయని సాఫ్ట్‌వేర్‌లో మూలలు పదునుగా కనబడి, దానికి మార్కులు ఎక్కువ వేశాను. గోడ గీత వంకరగా ఉందన్నది చూసుకోలేదు. ఆ పేజీలన్నీ కొట్టేసి మళ్లీ మొదలుపెట్టాను.

ఈసారి ఐదు ఫైళ్లు ఎంచుకున్నాను. నాన్న ఫోటో ఒకటి. సన్నటి గళ్ల చొక్కా వేసుకున్న స్నేహితుడిది ఒకటి. దీపాలు వెలుగుతున్న సంధ్యవేళ వీధి. కావాలనే మూడు స్టాప్‌లు తక్కువ ఎక్స్‌పోజ్ చేసిన చీకటి గది (ఒక్కో స్టాప్ తగ్గితే వెలుతురు సగమవుతుంది). దూరపు చెట్ల గుంపు. అన్నిటికీ ముందు గ్రే కార్డు (ఏ రంగూ కలవని బూడిద అట్ట) మీద నొక్కి వైట్ బ్యాలెన్స్ కుదిర్చాను. అదే కార్డు మీద, అదే చోట నొక్కినా ఒకదానిలో 5200 కెల్విన్ అంటే ఇంకోదానిలో 5450 అంటుంది. మొదట కంగారు పడ్డాను. ఆ అంకె ఆయా సాఫ్ట్‌వేర్ తన ప్రొఫైల్ ప్రకారం వేసుకున్న అంచనా, అంతే. ఒకదానిలో అంకెలు చూసి ఇంకోదానిలో టైపు చేస్తే కుదరదు. కార్డు బూడిదగా ఉందా లేదా అన్నదే చూడాలి. షార్పెనింగ్, నాయిస్ (ఫోటోలో పడే చుక్కచుక్కల రేణువులు) తగ్గింపు అన్నిట్లోనూ సున్నా చేశాను. లెన్సు కరెక్షన్ అన్నిట్లోనూ పెట్టాను.

అయినా వీధి ఫోటో ఒక సాఫ్ట్‌వేర్‌లో చిమ్మచీకటిగా తెరుచుకుంది, రెండు స్టాప్‌లు తక్కువగా. ఇది నా ఫైళ్లని చదవలేకపోతోంది, తీసేద్దాం అనుకున్నాను. తప్పు నాదే. ఆ రోజు కెమెరాలో డైనమిక్ రేంజ్ సెట్టింగ్ డీఆర్ 400 మీద ఉంది. ఆ సెట్టింగ్‌లో కెమెరా హైలైట్స్ (బాగా వెలుగున్న చోట్లు) కాపాడటానికి రా ఫైలుని నిజంగానే రెండు స్టాప్‌లు తక్కువ ఎక్స్‌పోజ్ చేసి, ఆ తక్కువని తర్వాత ఎత్తమని ఫైల్లో ఒక ముక్క రాసిపెడుతుంది. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఆ ముక్క చదివి చెప్పకుండా ఎత్తేస్తాయి. కొన్ని సెన్సర్ కొలిచింది కొలిచినట్టు చూపిస్తాయి. చీకటిగా చూపించినదే నాకు ఉన్నమాట చెప్పింది. ఆ రోజు నుంచి రా తీసేటప్పుడు డీఆర్ 100 మీదే ఉంచి ఎక్స్‌పోజర్ నేనే చూసుకుంటున్నాను.

చొక్కా ఫైలు దగ్గర చాలా రోజులు ఆగిపోయాను. డిజిటల్ మీడియం ఫార్మాట్ కెమెరాల్లో ఎక్కువవాటికి సెన్సర్ ముందు యాంటీ అలియాసింగ్ ఫిల్టర్ ఉండదు. పదును కోసం తీసేస్తారు. దానికి చెల్లించే మూల్యం మొయిరే. బట్ట నేత, పిక్సెల్ వరసలు ఒకదాని మీద ఒకటి పడి, చొక్కా మీద లేని ఇంద్రధనుస్సు చారలు పుడతాయి. కాలర్ దగ్గర పచ్చ, గులాబీ చారలు అలలు అలలుగా ఉన్నాయి. డీమొజాయిక్ అంటే ఊహ అన్నది నాకు పుస్తకంలో కాదు, ఆ కాలర్ మీద అర్థమైంది.

రాథెరపీలో ఈ ఊహ ఎలా చేయాలో మనమే ఎంచుకోవచ్చు. అమేజ్, ఆర్‌సీడీ, ఎల్ఎంఎంఎస్ఈ, వీఎన్‌జీ4 అని పద్ధతుల జాబితా ఉంటుంది. ఒక్కోటీ మార్చి కాలర్ చూస్తూ కూర్చున్నాను. అమేజ్ వెంట్రుకల్లాంటి సన్నటి వివరాల్ని బాగా పట్టుకుంది. వీఎన్‌జీ4 సన్నటి వివరం కొంత వదులుకుని, దొంగ రంగుల్ని తగ్గించింది. పక్కనే ఫాల్స్ కలర్ సప్రెషన్ అనే మెట్లు ఉంటాయి, రెండు మెట్లు పెంచితే చారల్లో రంగు చాలావరకు పోయింది. క్యాప్చర్ వన్‌లో మొయిరేకి విడిగా ఒక టూల్ ఉంది, ఎంత, ఏ వెడల్పు చారలు అని రెండు స్లైడర్లు. దాన్ని ఒక లేయర్ మీద పెట్టి చొక్కాకి మాత్రమే పూయవచ్చు. లైట్‌రూమ్‌లో కూడా బ్రష్‌తో పూసే మొయిరే స్లైడర్ ఉంది. మూడిట్లోనూ రంగు చారలు దారికొచ్చాయి. రంగు లేని చారలు, అంటే వెలుగునీడల్లోనే పడిన అలలు, ఏ సాఫ్ట్‌వేర్‌కీ లొంగలేదు. వాటికి మందు ఫోటో తీసేటప్పుడే వేయాలి: ఒక అడుగు వెనక్కి జరగడం, కోణం కొద్దిగా మార్చడం, లేదా లెన్సు రంధ్రాన్ని ఎఫ్16 దాకా మూసి, సన్న రంధ్రంలో వెలుతురు చెదిరే డిఫ్రాక్షన్‌తో ఆ అతి పదునుని కాస్త మెత్తబరచడం.

చీకటి గది, చెట్లు, ఈ రెండింటి గురించి పెద్దగా చెప్పేది లేదు. ఈ సెన్సర్‌లో నీడలు ఎంత ఎత్తినా నాలుగూ ఇంచుమించు ఒకేలా లేపాయి. నాయిస్ తగ్గించడంలో లైట్‌రూమ్‌లో 2023లో వచ్చిన ఏఐ డీనాయిస్ ముందుంది, కానీ నేను ఎక్కువగా ట్రైపాడ్ మీద ఐఎస్ఓ 100లో తీస్తాను కాబట్టి అది నా నిర్ణయాన్ని కదిలించలేదు. సంధ్య ఆకాశంలో పట్టీలు పట్టీలుగా కనిపించినప్పుడు మాత్రం ఒకరోజు పాడైంది. 16 బిట్ టిఫ్‌గా (ఒక్కో రంగుకీ 16 బిట్లు ఉంచే ఫైలుగా) తీసి ప్రింటు వేస్తే పట్టీల జాడే లేదు. అవి నా మానిటర్ చూపిస్తున్నవి.

మళ్లీ నాన్న ఫోటో దగ్గరికి. రంగు తేడా అంతా ప్రొఫైల్‌దేనని నాకు అనుమానం. అయితే నా ప్రొఫైల్ నేనే చేసుకుంటే పోలా? 24 గళ్ల కలర్‌చెకర్ చార్టుని ఎండలో ఒకసారి, బల్బు వెలుతురులో ఒకసారి తీశాను. లైట్‌రూమ్‌కీ రాథెరపీకీ డీసీపీ అనే రకం ప్రొఫైల్ చేయడం సులువే. క్యాప్చర్ వన్, డార్క్‌టేబుల్ ఐసీసీ అనే ఇంకో రకం అడుగుతాయి. క్యాప్చర్ వన్‌కి చేయాలంటే కర్వ్‌ని లీనియర్ రెస్పాన్స్‌లో (అంకెల్ని వంచకుండా వదిలేసే సెట్టింగ్‌లో) పెట్టి, రంగు దిద్దుబాటు తీసేసి, ఆ టిఫ్‌తో ప్రొఫైల్ కట్టాలి. రెండు మూడు సార్లు తప్పు చేశాక కుదిరింది.

నాలుగింటిలోనూ నా ప్రొఫైల్ పెట్టి తెరిచాను. తేడాలు సగానికి పైగా మాయమయ్యాయి! నాలుగు ముఖాలూ అన్నదమ్ముల్లా అయ్యాయి. ఆ సాయంత్రం ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. మర్నాడు పొద్దున చూస్తే ఆ నలుగురిలో ఎవరూ నాకు నచ్చలేదు. చార్టు గళ్లు ఎంత కచ్చితంగా వచ్చాయో ముఖం అంత నిర్జీవంగా ఉంది. 24 గళ్లలో చర్మానివి రెండే, అవి కూడా వెలుగు ఒకేలా పడే చదునైన రంగులు. మనిషి చెంప చదునుగా ఉండదు. దాని మీద రంగు వెలుతురుతో పాటు మారుతుంది. ఆ మార్పు ఎలా ఉండాలో కంపెనీల్లో ఎవరో ఎన్నో ముఖాలు చూసి దిద్దిన పని ఆ ప్రొఫైళ్లలో ఉంది, నేను ఒక్క మధ్యాహ్నంలో చార్టుతో చేసేది కాదు. నా ప్రొఫైల్ వృథా పోలేదు. పెయింటింగుల కాపీలు తీసేటప్పుడు ఇప్పటికీ దాన్నే వాడతాను, అక్కడ కావలసింది కచ్చితత్వమే. ముఖాలకి మాత్రం వెనక్కి వెళ్లిపోయాను.

వెనక్కి వెళ్లాక అసలు సంగతి దొరికింది. మొదటి రాత్రి చెంప మీద ఎరుపు ఎందుకు ఎక్కువైందో. చర్మంలో ఎరుపు అంకె పెద్దది, ఆకుపచ్చ దానికన్నా తక్కువ, నీలం ఇంకా తక్కువ. మూడు రంగుల మీదా విడివిడిగా ఒకే నిటారు కర్వ్ వేస్తే ఆ మూడింటి మధ్య దూరం పెరుగుతుంది. దూరం పెరగడం అంటే రంగు గాఢం కావడమే. కాంట్రాస్ట్ పెంచుతున్నాననుకుంటూ నాన్న చెంపకి ఎరుపు పూస్తున్నాను. అది ప్రొఫైల్ తప్పు కానే కాదు, నాకు కావలసిన దానికన్నా నిటారైన కర్వ్ తప్పు. క్యాప్చర్ వన్‌లో బేస్ క్యారెక్టరిస్టిక్స్ అన్నచోట ఆ మొదటి కర్వ్‌ని మనమే మార్చుకోవచ్చు. ఫిల్మ్ స్టాండర్డ్ నుంచి లీనియర్ రెస్పాన్స్‌కి దింపితే ఫోటో చప్పగా, చీకటిగా అయింది. ఆ చప్పదనం మీద కర్వ్ టూల్‌లో లూమా అనే ట్యాబ్ తెరిచి కాంట్రాస్ట్ మళ్లీ కట్టాను. లూమా కర్వ్ వెలుగుని మాత్రమే కదుపుతుంది, రంగు గాఢతని ముట్టుకోదు. కిటికీ అంచు దగ్గర కర్వ్ భుజాన్ని, అంటే బాగా వెలుగున్న చోట్లని నడిపే పై కొసని, నెమ్మదిగా వంచాను. చెంప ఎరుపు తగ్గింది. నీడలోకి దిగే చోట ఆ ఆకుపచ్చ ఛాయ పోయింది. కెమెరా వెనక తెర మీద నేను చూసిన ముఖం, ఇంచుమించు.

ఇదే పని రాథెరపీలో చేయగలనా అని చూశాను. చేయగలను. ల్యాబ్ కర్వ్‌లు, ఫిల్మ్‌లైక్ కర్వ్‌లు, ఇంకా బోలెడు దారులున్నాయి. డార్క్‌టేబుల్‌లో సీన్ రెఫర్డ్ పద్ధతి పూర్తిగా వేరే ఆలోచన. ఎక్స్‌పోజర్ ముందు, తెరకి సరిపడా నొక్కడం చివర. సిగ్మాయిడ్ మాడ్యూల్ హైలైట్స్‌ని ఎంత మృదువుగా వంచిందో చూసి చాలాసేపు అలాగే ఉండిపోయాను. రా ఫైలు లోపల ఏం జరుగుతుందో నేర్చుకోవాలనుకునేవాళ్లు తప్పకుండా కొన్నాళ్లు డార్క్‌టేబుల్‌లో గడపాలని నా గట్టి అభిప్రాయం. నాకు లూమా కర్వ్ సంగతి తట్టిందే దాని మాడ్యూళ్ల వరస చూశాక.

ఇక ప్రింట్లు. నా ఫైలు 8256×6192 పిక్సెల్స్, అంగుళానికి 300 పిక్సెల్స్ లెక్కన సుమారు 27.5×20.6 అంగుళాలు వస్తుంది. నాలుగు పెద్ద ప్రింట్లు వేయించడం దండగ అనిపించి, ముఖం ఉన్న భాగాన్ని మాత్రం అదే కొలతకి కోసి, నాలుగు ముక్కలు ఒకే కాగితం మీద వేశాను. వెనక పెన్సిల్‌తో గుర్తులు పెట్టాను. అక్క వచ్చినప్పుడు బల్ల మీద పరిచాను.

"అక్కా, వీటిలో ఏది బాగుందో చెప్పవా?"

"నాలుగూ ఒకటే కదరా." కాసేపు చూసింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూసింది. "దీన్లో నాన్నకి ఒంట్లో బాగోలేదా ఏంటి? ఇది తీసెయ్. ఇది మరీ మేకప్ వేసినట్టుంది." మిగతా రెండూ చేతుల్లో మార్చి మార్చి పట్టుకుంది. "ఈ రెండిట్లో ఏదైనా పర్లేదు. నాన్నలాగే ఉన్నారు."

వెనక చూస్తే ఒకటి క్యాప్చర్ వన్, ఒకటి రాథెరపీ. కనురెప్పల పదును గురించి అక్క ఒక్క మాట అనలేదు. ఆమె చెప్పాక నేనూ వెతికి చూశాను. 200 శాతంలో నన్ను ఒక వారం తిప్పిన తేడాలు ప్రింటు మీద భూతద్దంతో కూడా దొరకలేదు. చెంప రంగు తేడా మాత్రం గుమ్మం దగ్గర నుంచే తెలుస్తోంది. క్యాప్చర్ వన్‌లో ఆ ఫోటోకి పావుగంట కన్నా తక్కువే పట్టింది. రాథెరపీలో రెండు సాయంత్రాలు. ఎందులోనైనా అక్కడికి చేరవచ్చు. ఎక్కడ మొదలుపెడితే నా చేతికి దారి దగ్గర అన్నదే తేలాలి.

అది తేలడానికి ఒక నిజమైన పని పెట్టుకున్నాను. ఒకే షూట్‌లో తీసిన రెండు వందల పైచిలుకు ఫ్రేములు, ఒక్కో సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో వారం. ఇక్కడ బయటపడే సంగతులు ఒక్క ఫోటోతో బయటపడవు. ఒకదానిలో నేను చేసిన మార్పులన్నీ దాని క్యాటలాగ్‌లో, అంటే ఫోటోల చిట్టా లాంటి దాని సొంత ఫైల్లో, ఉండిపోయాయి. నేను ఫోల్డర్‌ని బయట నుంచి ఇంకో డిస్కుకి మార్చేసరికి ఫైళ్లు ఎక్కడున్నాయో దానికి తెలియలేదు. మళ్లీ చూపించి కలపడానికి ఒక పూట పట్టింది. మార్పులు పోలేదు కానీ ప్రాణం పోయినంత పనైంది. దాని తర్వాత, ఎవరు మార్పుల్ని ఎక్కడ రాస్తారో ముందే చూసుకోవడం అలవాటైంది. డార్క్‌టేబుల్, రాథెరపీ ఫోటో పక్కనే చిన్న ఫైలుగా రాస్తాయి. లైట్‌రూమ్ క్యాటలాగ్‌లో రాస్తుంది, అడిగితే ఫోటో పక్కన ఎక్స్ఎంపీ అనే చిన్న ఫైలు కూడా రాస్తుంది. క్యాప్చర్ వన్‌లో క్యాటలాగ్ ఉంది, సెషన్ కూడా ఉంది. సెషన్ అంటే ఒక పనికి ఒక ఫోల్డర్, అందులో క్యాప్చర్, సెలెక్ట్స్, అవుట్‌పుట్, ట్రాష్ అని నాలుగు గదులు. మార్పులు కూడా ఆ ఫోల్డర్‌లోనే ఉంటాయి. మొత్తం ఎత్తి ఇంకో డిస్కులో పెడితే పనీ దాని జ్ఞాపకం కలిసే వెళ్తాయి. నాలాగ పనుల వారీగా ఆలోచించేవాళ్లకి ఇది చాలా దగ్గరగా ఉంటుంది. ఇరవై ఏళ్ల ఫోటోలన్నీ ఒకేచోట వెతుక్కోవాలనుకునేవాళ్లకి లైట్‌రూమ్ లైబ్రరీయే మేలు, అందులో నాకు సందేహం లేదు.

ఇంకో సంగతి కూడా మనసులో ఉంది. ఒక సాఫ్ట్‌వేర్‌లో చేసిన మార్పులు ఇంకోదానికి అర్థం కావు. క్రాపు, రేటింగ్ లాంటివి కొన్ని దాటుతాయేమో గానీ కర్వ్‌లు, లేయర్లు దాటవు. యాపిల్ వాళ్లు అపెర్చర్ అనే తమ ఫోటో సాఫ్ట్‌వేర్‌ని ఆపేస్తున్నామని 2014లో చెప్పినప్పుడు అందులో ఏళ్ల పని ఉన్నవాళ్లు ఎంత అవస్థ పడ్డారో దగ్గరగా చూశాను. అందుకని పూర్తయిన ప్రతి ఫోటోకీ 16 బిట్ టిఫ్ ఒకటి తీసి పెడతాను. 51.1 మిలియన్ల పిక్సెల్స్, ఒక్కోదానికి 6 బైట్లు, కుదించకపోతే సుమారు 307 మెగాబైట్లు. 102 మెగాపిక్సెల్స్ కెమెరా అయితే దానికి రెట్టింపు. అన్నిటికీ తీయలేం. ప్రింటు దాకా వెళ్లినవాటికే తీస్తాను, మిగతావాటికి రా ఫైలు భద్రంగా ఉంటే చాలు.

అలా క్యాప్చర్ వన్ దగ్గర ఆగాను. కంప్యూటర్‌కి తీగ కలిపి తీసేటప్పుడు ఫోటో వెంటనే పెద్ద తెర మీద పడటం, కలర్ ఎడిటర్‌లో స్కిన్ టోన్ ట్యాబ్, అందులో బుగ్గ ఎరుపుని, నుదుటి పసుపుని ఒకదానికొకటి దగ్గర చేసే యూనిఫార్మిటీ స్లైడర్లు, ఇవన్నీ తర్వాత తెలిసిన లాభాలు. నిర్ణయం మాత్రం లూమా కర్వ్ దగ్గర, సెషన్ ఫోల్డర్ దగ్గర జరిగిపోయింది. నా స్నేహితుడు ఒకాయన డిజిటల్ బ్యాకుని టెక్నికల్ కెమెరాకి తగిలించి, లెన్సుని పక్కకి జరిపి భవనాలు తీస్తాడు. ఆయనకి ఇవేవీ అక్కర్లేదు. లెన్సు జరిపినప్పుడు ఒక పక్క ఆకుపచ్చ, ఒక పక్క గులాబీ పొర కమ్ముతుంది. లెన్సు ముందు తెల్లటి పలక పెట్టి ఇంకో ఫ్రేము తీసి, దాని సాయంతో ఆ పొరని తీసే ఎల్‌సీసీ టూల్ ఎలా పనిచేస్తుందన్నదే ఆయన చూసుకున్నాడు. హాసెల్‌బ్లాడ్ వాడే ఇంకొకరు ఫోకస్‌లో ఫైలు తెరవగానే వచ్చే రంగుకి దాదాపు ఏమీ చేయరు. ఆయన మొదలుపెట్టే చోటే గమ్యం పక్కన ఉంది. నేను చెప్పినది విని వాళ్లిద్దరూ మారలేదు, మారాల్సిన పనీ లేదు.

ఆ ఐదు ఫైళ్లూ విడిగా ఒక ఫోల్డర్‌లో ఉన్నాయి. ఏ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వచ్చినా వాటిని మళ్లీ తెరిచి, పాత ప్రింట్ల పక్కన పెట్టి చూస్తాను. పోయిన వారం చొక్కా ఫైలు తెరిచాను. కాలర్ కింద ఆ పచ్చ చార నేను రోజూ వాడేదానిలో ఇంకా కొంచెం మిగిలే ఉంది. ఆ ఒక్క ఫోటోని మాత్రం ఇప్పటికీ రాథెరపీలోనే చేస్తున్నాను, వీఎన్‌జీ4 మీద, రెండు మెట్లు పెంచి.